ఆమేన్ మాత్రం పైకి అను

రాత్రి ఎనిమిదిన్నరయ్యేసరికి మా ఇంట్లో టీవీ కట్టేసేవాళ్ళం. నాన్న హాల్లో చాప పరిచేవారు. అమ్మకి నైట్ డ్యూటీ లేని రోజైతే వంటింట్లో పని ఆపి వచ్చి కూర్చునేది. నాయనమ్మ మంచం దిగకుండానే కొంగు తల మీదకి లాక్కునేది. తమ్ముళ్ళిద్దరూ ఊళ్ళో ఎక్కడున్నా ఆ వేళకి ఇంట్లో ఉండాల్సిందే. శ్రీకాకుళంలో గూనపాలెం వైపు, నాగావళికి దగ్గర్లో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. 1988 నుంచి 1998 దాకా అనుకోండి, ఆ పదేళ్ళలోనే పెద్దోడూ చిన్నోడూ ఒకడి వెనక ఒకడు పదకొండు దాటి, గొంతులు మారి, మీసాలొచ్చి, చదువులకని ఇల్లు వదిలి వెళ్ళిపోయారు. నేను వాళ్ళిద్దరికీ అక్కని. మగపిల్లల్ని పెంచడం గురించి నాకు తెలిసిందంతా పక్కనుండి చూసిందే. నాకు పుట్టింది ఇద్దరూ ఆడపిల్లలే.

కుటుంబ ప్రార్థనకి మా ఇంట్లో ఒక వరస ఉండేది. ముందు ఒక కీర్తన, తర్వాత బైబిల్లో ఒక అధ్యాయం, ఆ తర్వాత చిన్నవాళ్ళతో మొదలుపెట్టి ఒక్కొక్కరూ పైకి ప్రార్థన చేయడం. చివర్న నాన్న. ఆ పైకి చేయడంలోనే ఉంది అంతా. పన్నెండేళ్ళ మగపిల్లాణ్ణి కూర్చోబెట్టి 'బళ్ళో ఏమైందిరా' అని అడిగి చూడండి. 'ఏటీ అవలేదు' అంటాడు. 'మరి చొక్కా ఎందుకు చిరిగింది?' 'తెలీదు.' అదే గుంటడు కళ్ళు మూసుకుని చేతులు కట్టుకోగానే, 'పరిశుద్ధుడవైన తండ్రీ, నన్ను కొట్టిన తొమ్మిదో తరగతి వాణ్ణి క్షమించుము, కాని వాడికి రెండు రోజులు జ్వరము రానిమ్ము, రేపు డ్రిల్లు మాస్టారు బడికి రాకుండా చేయుము' అని మొత్తం కక్కేసేవాడు. పగలంతా శ్రీకాకుళం యాసలో అరుచుకునే నోళ్ళు ఆ పది నిమిషాలూ పాత బైబిలు భాషలోకి వెళ్ళిపోయేవి. నాకు నవ్వు ఆగేది కాదు. నాయనమ్మ నన్ను కాపాడ్డానికి గట్టిగా దగ్గేది.

నాన్న పెట్టిన నియమం ఒకటుంది. ప్రార్థనలో విన్నదాని గురించి లేచాక ఎవరినీ అడక్కూడదు. 'వాడు చెప్పింది మనకి కాదు కదా' అనేవారు.

దీనికి వెనక ఒక కథ ఉంది. నాన్న చిన్నప్పుడు ఒక బోర్డింగులో ఉండి చదువుకున్నారు. ఒక రాత్రి సామూహిక ప్రార్థనలో, పక్కవాళ్ళ తోటలో జాంకాయలు కోసినందుకు క్షమించమని పైకి అడిగారట. తెల్లారి వార్డెను పిలిచి చేతులు వాచేలా బెత్తంతో కొట్టాడు. ఆ తర్వాత హైస్కూలు పూర్తయ్యేదాకా నాన్న ప్రార్థనలో దేశ నాయకుల కోసం, వర్షాల కోసం, రోగుల కోసం తప్ప ఇంకేమీ అడగలేదు. ఇది మాకు నాయనమ్మ చెప్పింది. నాన్న ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మకి ఈ నియమం మింగుడుపడేది కాదు. 'వీళ్ళ సంగతి తెలిసేది అక్కడొక్కచోటే. అక్కడ విని కూడా అడగొద్దంటే ఎలాగండీ?' అనేది. అమ్మ స్టాఫ్ నర్సు. రోగి చెప్పిన ప్రతి ముక్కకీ ఇంకో ప్రశ్న వేయడం ఆవిడ వృత్తి. మా వైపు క్రైస్తవ కుటుంబాల్లో నర్సులూ టీచర్లూ ఎక్కువ, అదంతా మిషను వాళ్ళ చలవే. 1805లో లండన్ మిషను వాళ్ళు విశాఖపట్నంలో దిగారు. తర్వాత కెనడియన్ బాప్టిస్టు మిషను వచ్చి శ్రీకాకుళం, టెక్కలి, పాలకొండ, సోంపేట, బొబ్బిలి, విజయనగరం, ఇలా ఊరూరా కాంపౌండులు కట్టింది. 'దొరలు బడులు కట్టేరు, ఆసుపత్రులు కట్టేరు. పదమూడేళ్ళ గుంటడితో ఎలా వేగాలో మాత్రం చెప్పకుండా ఓడెక్కేసేరు' అనేది అమ్మ.

ఇంట్లో కచ్చితమైన నిషేధం ఒక్కటే, నది. నాగావళి చూడ్డానికి సాధువులా ఉంటుంది. వేసవిలో ఇసక మధ్య నాలుగు పాయలు. కాని ఒడిశా కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు ఎక్కేస్తాయి. ఆసుపత్రికి వచ్చే కేసులు చూసిన మనిషి కాబట్టి అమ్మ ఆ విషయంలో ఎవరి మాటా వినేది కాదు. సాయంత్రం తమ్ముళ్ళు ఇంటికి రాగానే గోటితో చేతి మీద గీసి చూసేది. తెల్లటి గీత పడితే నీళ్ళలో దిగినట్టే. పెద్దోడు ఒకటి రెండుసార్లు దొరికి మానేశాడు. చిన్నోడు ఎప్పుడూ దొరకలేదు. వాడు ఇంటికొచ్చే ముందు కొబ్బరినూనె రాసుకునేవాడని నాకు తెలుసు, నేను చెప్పలేదు.

1993 దసరా సెలవులు. నేను విశాఖపట్నంలో డిగ్రీ చదువుతూ ఇంటికొచ్చి ఉన్నాను. చిన్నోడు ఎనిమిదో తరగతి. పొద్దున్నే లెక్కలు చేసుకోవడానికి స్నేహితుడి ఇంటికని సైకిలు మీద వెళ్ళినవాడు మధ్యాహ్నం భోజనానికి రాలేదు. నాలుగైంది. అయిదైంది. నాన్న ఆ స్నేహితుడి ఇంటికి వెళ్ళారు. ఆ పిల్లాడూ లేడు, అక్కడ లెక్కలూ లేవు, వాళ్ళమ్మ 'మీ ఇంట్లో ఉన్నాడనుకున్నామండీ' అంది. ఏడు రోడ్ల కూడలి దాకా తిరిగి నాన్న వట్టి చేతులతో వచ్చారు. వచ్చి, అమ్మకి ధైర్యం చెబుదామని కాబోలు, లూకా సువార్త ఎత్తుకున్నారు. పన్నెండేళ్ళప్పుడు యేసు ప్రభువు కూడా యెరూషలేములో ఉండిపోయాడు, యోసేపూ మరియా చుట్టాల గుంపులో ఉంటాడులే అనుకుని ఒక రోజు ప్రయాణం చేసేశారు, వెనక్కెళ్ళి వెతికితే మూడు రోజులకి గాని కనపడలేదు, అని.

'ఆయన గుళ్ళో దొరికేడు' అంది అమ్మ. 'మీ వాడు గుళ్ళో ఉంటాడా?'

ఎనిమిది దాటాక వచ్చాడు. మొహం ఎండకి కమిలిపోయి ఉంది, చెవుల్లో ఇసక. ఎక్కడికెళ్ళావంటే 'లెక్కలు' అన్నాడు. నాన్న వాడి వంక ఒక్క క్షణం చూసి, 'కాళ్ళు కడుక్కుని రా, ప్రార్థన వేళయింది' అన్నారు.

చిన్నోడి వంతే మొదట. వాడు బాగా అలిసిపోయి ఉన్నాడు. మామూలు మాటలన్నీ అయ్యాక కాస్త ఆగి, 'తండ్రీ, కళింగపట్నం దారిలో సైకిలు ట్యూబు పేలిపోయినప్పుడు మాకు మంచినీళ్ళిచ్చి, తన కొడుకు చేత పంచరు వేయించిన ఆ చేపలమ్మే మామ్మకు మేలు చేయుము. ఆమె డబ్బులు తీసుకొనలేదు' అన్నాడు.

కళింగపట్నం! పాతిక కిలోమీటర్లు. వంశధార సముద్రంలో కలిసే చోటు. అమ్మ కళ్ళు తెరిచేసింది. నేను చూశాను, ఎందుకంటే నేనూ తెరిచే ఉన్నాను. నాన్న మాత్రం కదల్లేదు. అందరి వంతులూ అయ్యాక తన వంతులో, 'ఈ దినమున మా బిడ్డకు సహాయము చేసిన తల్లిని మేము ఎరుగము, నీవు ఎరుగుదువు' అని ఒక్క ముక్క అని ముగించేశారు. చిన్నోడి చెవులు ఎర్రబడ్డాయి.

లేచాక నాన్న చేసిన విచారణ ఏ కోర్టులోనూ జరిగి ఉండదు. 'నువ్వు లెక్కలకని వెళ్ళిన ఇంటికి నేను సాయంత్రం వెళ్ళాను. నువ్వు లేవు. అబద్ధం చెప్పావు. సెలవులు అయ్యేదాకా సైకిలు తాళం నా దగ్గరుంటుంది' అన్నారు. అంతవరకే. తన కాళ్ళతో వెళ్ళి తెలుసుకున్నది అడిగారు, చెవులతో ప్రార్థనలో విన్నది వదిలేశారు. కళింగపట్నం అన్న మాటే ఆయన నోట రాలేదు. మర్నాడు ఆదివారం. చర్చి నుంచి రాగానే చొక్కా విప్పి సైకిలు తిరగేసి కూర్చున్నారు. చిన్నోణ్ణి పక్కన పెట్టుకుని ట్యూబు తీయడం, నీళ్ళ బకెట్లో ముంచి గాలి బుడగలు చూడ్డం, గరుకు కాగితంతో రుద్ది సొల్యూషన్ రాసి ముక్క అంటించడం అన్నీ చేయించారు. సామాన్లన్నీ ఒక డబ్బాలో పెట్టి క్యారేజీకి కట్టారు. తొక్కడానికి లేని సైకిలుకి పంచరు వేయడం నేర్చుకుంటూ వాడు ఆ సెలవులు గడిపాడు.

అమ్మ మాత్రం ఆ చేపలమ్మే మామ్మని వదల్లేదు. నేరుగా అడగదు, నియమం ఉంది. గుమ్మంలోకి చేపలు తెచ్చిన ప్రతి ఆవిడనీ 'మీది కళింగపట్నమా?' అని అడిగేది, చిన్నోడు ఇంట్లో ఉన్నప్పుడు మరీ గట్టిగా.

బైబిలు చదవడంలో కూడా వరసే. ఆదికాండం నుంచి రోజుకో అధ్యాయం, ఒక్కో రాత్రి ఒక్కొక్కరు చదవాలి. సామెతల గ్రంథం వచ్చినప్పుడు నాన్నకి సరదా, ముప్పై ఒక్క అధ్యాయాలు కదా, ఒకటో తారీఖున మొదలెట్టించేవారు. అలా పెడితే అయిదు, ఆరు, ఏడు తారీఖుల్లో చిక్కొచ్చేది. పరస్త్రీ జోలికి పోవద్దని తండ్రి కొడుక్కి చేసే హెచ్చరికలన్నీ అక్కడే ఉంటాయి. పదమూడేళ్ళ పెద్దోడు నాయనమ్మ ముందు ఆ మాటలు పైకి చదువుతూ కామాలూ చుక్కలూ మింగేసి రైలులా పోయేవాడు. సామెతల తర్వాత ప్రసంగి. ప్రసంగి అయిపోయిన మర్నాడు నాన్న గొంతు సవరించుకుని 'యెషయా ఒకటో అధ్యాయం' అన్నారు. మధ్యలో పరమగీతం అనే ప్రేమ పాటల పుస్తకం ఒకటుందని తమ్ముళ్ళిద్దరికీ బుర్రలోకి ఎక్కింది ఆ క్షణానే. ఆ రాత్రి దుప్పటి కింద టార్చిలైటు వెలిగింది. మా ఇంట్లో ఎవరూ చెప్పకుండా బైబిలు చదవడం అదే మొదలు.

ఆ వయసు సంగతులు మగపిల్లలకి ఎవరు చెప్పాలన్నది మా ఇళ్ళలో ఇప్పటికీ తేలని విషయమే. సండే స్కూల్లో చెప్పరు, పాస్టరు గారు 'యవనేచ్ఛల నుండి పారిపొమ్ము' అని ఊరుకుంటారు, ఎటు పారిపోవాలో చెప్పరు. చివరికి అమ్మే చెప్పింది. ఒక మధ్యాహ్నం ఇద్దర్నీ కూర్చోబెట్టి ఇంజెక్షన్ ఇచ్చినట్టు టకటకా చెప్పి దూది పెట్టేసింది. సగం మాటలు డాక్టర్లు వాడే ఇంగ్లీషు మాటలే. పెద్దోడు నేల చూపులు చూస్తూ 'ఇంక చాలమ్మా' అన్నాడట. నాన్న ఆ పూట ఉప్పు తెస్తానని వెళ్ళి రెండు గంటలకి తిరిగొచ్చారు, ఉప్పు లేకుండా.

నేను విశాఖపట్నం వెళ్ళిపోయాక వాళ్ళ చేత గిన్నెలు కూడా తోమించింది. అమ్మకి డ్యూటీలు, నాయనమ్మకి చూపు ఆనదు, ఇంకెవరున్నారు? మగపిల్లల చేత అంట్లు తోమిస్తావా అని ఇరుగుపొరుగు నవ్వితే, 'ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగేడు, వీళ్ళు కంచాలు కడిగితే అరిగిపోతారా' అనేదట. మంచి మాటే. నేను ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ వాక్యం ఎవరికీ ఎందుకు గుర్తు రాలేదో అని మాత్రం ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

నాయనమ్మ శుక్లాల ఆపరేషను కూడా ఆ రోజుల్లోనే. సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రికే వెళ్తానని ఆవిడ పట్టు. అది కెనడా వాళ్ళ మిషను ఆసుపత్రి. అంతకు ముందు తరంలో డాక్టర్ బెన్ గలిసన్ గారు అక్కడ వేలమందికి చూపు తెప్పించారు. ఆయన పని చూసి కదిలిపోయిన ఒక కెనడా పెద్దమనిషి 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పెట్టాడు, అది తర్వాత ఎన్నో దేశాలకి పాకింది. నాయనమ్మకి ఈ సంస్థలూ సంవత్సరాలూ పట్టవు. 'గలిసన్ దొర గోరి ఆసుపత్రి' అంటే చాలు. అమ్మానాన్నలకి సెలవు దొరకలేదు. పద్నాలుగేళ్ళ పెద్దోణ్ణి తోడిచ్చి పంపారు. చేతిలో డబ్బులు పెట్టి, చొక్కా లోపలి జేబుకి పిన్నీసు గుచ్చి, హైవే మీద బస్సెక్కించారు.

వాడు అక్కడ వార్డులో నేల మీద పడుకుని, టైము ప్రకారం కళ్ళలో చుక్కలేసి, చేయి పట్టుకుని బాత్రూముకి తీసుకెళ్ళి, నాయనమ్మకి గంజి తాగించి, బస్సులో మళ్ళీ భద్రంగా తీసుకొచ్చాడు. దిగగానే ఆవిడ 'గుంటడు కాదే, మొగోడైపోనాడు' అని వీధంతా చాటింపు వేసింది. వాడిలో నాకు కనపడిన మార్పు వేరు. ఆ రాత్రి ప్రార్థనలో తన పరీక్షల గురించి, క్రికెట్ బ్యాటు గురించి ఒక్క ముక్క అడగలేదు. 'తండ్రీ, మూడో మంచం తాతకి కొడుకులు రాలేదు, వచ్చేలా చేయుము' అన్నాడు. ఆ తాత ఎవరో మేం చూడలేదు, అడగనూ లేదు. కాని మర్నాటి నుంచి నాయనమ్మ, అమ్మ, నేను, అందరం మూడో మంచం తాత కోసం ప్రార్థన చేసేవాళ్ళం. చాలా నెలలు చేశాం.

ఆ తర్వాత ఏడాదికే వాడి గొంతు మారింది. మా ఇంట్లో కీర్తనలు పాత పద్ధతిలో, నిదానంగా సాగేవి. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మన వైపు తిరిగిన మనిషి అని నాయనమ్మకి గర్వం, ఆయన కీర్తన రోజుకొకటైనా పడాలి. పెద్దోడు పల్లవి అందుకుంటే మధ్యలో గొంతు జారి కింద పడేది. చిన్నోడు నవ్వు ఆపుకోలేక చాప మీద దొర్లేవాడు. కొన్నాళ్ళకి పెద్దోడు పాడ్డం మానేశాడు. తర్వాత ప్రార్థన రెండు వాక్యాలకి కుదించాడు. తర్వాత ఒక రాత్రి తన వంతు రాగానే, 'నేను మనసులో చేసుకుంటాను' అన్నాడు.

అమ్మ మొహం పాలిపోయింది. బిడ్డ దేవుడికి దూరమైపోతున్నాడని ఆవిడ భయం. నాన్న కాసేపు ఆలోచించి, 'సరే. ఆమేన్ మాత్రం పైకి అను. నీది అయిందని మాకు తెలియాలి కదా' అన్నారు.

అప్పట్నుంచి వాడి వంతులో ఇల్లంతా నిశ్శబ్దం, చివర్న ఒక ఆమేన్. మామూలుగా పది సెకన్లు. చదువు మీద చిరాకున్న రోజు మూడు సెకన్లు. అమ్మకి నాడి చూడ్డం అలవాటే కనక, ఆ మౌనం ఎంతసేపుందో చూసి వాడి వంట్లో, మనసులో ఎలా ఉందో చెప్పేసేది. వాడు ఇంటర్ రెండో ఏడులో ఉన్నప్పుడు ఒక రాత్రి ఆ మౌనం ఎంతకీ అవలేదు. నాయనమ్మకి కునుకు పట్టింది. చిన్నోడు ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నాడు. బయట ఎవరో వచ్చి పిలిచి, ఎవరూ పలక్కపోతే వెళ్ళిపోయారు. అప్పుడు ఆమేన్ అన్నాడు. మంచినీళ్ళు తాగి వెళ్ళి పడుకున్నాడు. ఏమైందో మాకు ఇప్పటికీ తెలీదు. ఇప్పుడు వాడే విశాఖపట్నంలో ఒక టీనేజీ కొడుక్కి తండ్రి. ఆ పిల్లాడు హాస్టల్లో ఉండి వీడియో కాల్‌లో ప్రార్థనలో కలుస్తాడు, తన వంతు రాగానే మ్యూట్ పెట్టేస్తాడు. పెద్దోడు ఏమీ అనడు. మరదలు మాత్రం టెన్షన్ పడి నాకు ఫోన్ చేస్తుంది.

ఇంక బాప్తిస్మం సంగతి. మాది బాప్టిస్టు సంఘం. పసిపిల్లలకి ఇవ్వరు, ఎవరికి వారు ఒప్పుకుని నీళ్ళలో దిగాలి. పెద్దోడు ఇంటర్ మొదటి ఏడులో, మౌనం మొదలవక ముందే, స్నేహితులతో కలిసి తీసుకున్నాడు. చిన్నోడికి పదహారొచ్చింది, పదిహేడొచ్చింది, 'నాకు ఇంకా తెలీదు నాన్నా' అంటున్నాడు. క్రిస్మస్‌కి వెదురు బద్దలు చీల్చి నక్షత్రం కట్టేది వాడే, క్యారల్స్ రాత్రుళ్ళు తెల్లారేదాకా డోలక్ వాయించేది వాడే. అయినా ప్రభు బల్ల ఆదివారం రొట్టె పళ్ళెం దగ్గరకొస్తే, అది బాప్తిస్మమైనవాళ్ళకే కనక, పక్కవాడికి అందించేసేవాడు. వెనక వరసలో గుసగుసలు. సంఘ పెద్దలిద్దరు ఇంటికొచ్చి, కాఫీ తాగి, ఇంత భక్తి గల ఇంట్లో ఇదేమిటన్నారు. 'నీళ్ళలో ముంచడం మన చేతిలో పనేనండి. ఒప్పుకోవడం వాడిది' అన్నారు నాన్న. పెద్దలు పోయాక అమ్మ ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

1998 ఏప్రిల్‌లో, వాడు ఇంటర్ పరీక్షలు రాసేసి, ఒక రాత్రి ప్రార్థనలో ఆ మాట చెప్పాడు. నియమం ప్రకారం ఎవరూ అడగలేదు. మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర వాడే మళ్ళీ చెప్పాడు, అప్పుడు అమ్మ ఏడ్చింది.

మా సంఘానికి బాప్తిస్మపు తొట్టి లేదు, నాగావళికే వెళ్ళాలి. మే నెల మొదటి ఆదివారం తెల్లవారుజామున అందరం ఒడ్డుకి చేరాం. తెల్ల చొక్కాల్లో నలుగురు పిల్లలు, పాటలు పాడే ఆడవాళ్ళు, తువ్వాళ్ళు పట్టుకున్న తండ్రులు. పాస్టరు గారు కొత్తగా వచ్చినాయన, ఆయనకి నది తెలీదు. ఎటు దిగినా మోకాళ్ళు దాటని నీళ్ళు, మధ్యలో ఇసక దిబ్బలు. ఈ నీళ్ళలో మనిషిని ముంచాలంటే కూర్చోబెట్టాల్సిందే. ఆయన పంచె ఎగ్గట్టి అటూ ఇటూ నడుస్తున్నారు, సంఘ పెద్దలు తలో దిక్కూ చూపిస్తున్నారు.

చిన్నోడు ముందుకెళ్ళాడు. 'అటు కాదండి, అక్కడ అడుగున బురద, కాలు దిగిపోతుంది. పాత బ్రిడ్జి వైపు రండి. మూడో స్తంభం దాటాక ఎడం పక్క నడుం లోతు ఎండాకాలంలో కూడా ఉంటది. దానికి అవతల మాత్రం వద్దు, నిలువు లోతు' అని పాస్టరు గారి చేయి పట్టుకుని చీకట్లో తడుముకోకుండా తీసుకుపోయాడు.

గట్టు మీద అమ్మ వాడి వంకే చూస్తూ, పాట ఆపకుండానే నాన్న వైపు వంగింది. 'ఏవండీ, ఇది ప్రార్థనలో విన్నది కాదు కదా. అడగొచ్చా?'

'అడుగు' అన్నారు నాన్న. 'ముందు వాణ్ణి నీళ్ళలోంచి పైకి రానీ.'